చున్నీకీ ఫ్యానుకీ మధ్య

సెల్‌ఫోన్లు ఇంకా పెద్దరైతుల జేబుల్లో మాత్రమే మోగే ఆ రోజుల్లో, సత్తెనపల్లి లాంటి ఊళ్ళో ఒక ఆడపిల్ల ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిందంటే దానికి రెండే కారణాలు ఉండాలని జనం నమ్మేవాళ్ళు. కుట్టుపని కోర్సులో సీటు దొరక్కపోయి అయినా ఉండాలి, లేదా పిల్లకి కాస్త తిక్క అయినా ఉండాలి. నాకు కుట్టుపనిలో సీటు వచ్చింది. (మిగిలిన కారణం ఏదో మీరే చూసుకోండి.) మా నాన్న ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు డ్రైవరు. అమ్మ పత్తితీతలకీ మిరపకోతలకీ వెళ్ళేది. నేను బడి లేనప్పుడల్లా నాన్న పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఊరంతా తిరిగేదాన్ని. (పిల్లల్ని అలా కూర్చోబెట్టకూడదని తర్వాత నేనే పదిమందికి ఉపన్యాసాలిచ్చాను, అది వేరే సంగతి.) ఇంజను చప్పుడు వింటూ పెరిగినదాన్ని కుట్టుమిషను చప్పుడు దగ్గర కూర్చోమంటే ఎలా కూర్చుంటాను? నలభై మంది మగపిల్లల మధ్య ఒక్కదాన్నే రెండేళ్ళు చదివి, పాసయ్యాను.

పాసయితే సరిపోదని మా సారు చెప్పారు. ఏదైనా షెడ్డులో ఏడాదిపాటు పనిచేసి, పని వచ్చని మేస్త్రీ చేత కాగితం రాయించుకుంటే బస్సు డిపోలో ఉద్యోగానికి అప్లికేషను పెట్టుకోవచ్చట. నెలజీతం అనే మాట మా ఇంట్లో అందరం విన్నదే తప్ప ఎవరం చూసింది కాదు. కాబట్టి ఆ కాగితం నాకు ఒక్కదానికే కాదు, మా అమ్మకీ నాన్నకీ కూడా కలలోకి వచ్చేది. నాన్న గుంటూరు రోడ్డులో ట్రాక్టర్లూ లారీలూ బాగుచేసే షెడ్డు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన్ని ఊరంతా బాబాయ్ అనేది, నేనూ బాబాయ్ అనే పిలిచాను. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. గళ్ళ లుంగీ, చేతుల బనీను, భుజం మీద ఎర్రంచు తువ్వాలు. ఇంజను పక్కన చెవి పెట్టి వింటే చాలు, ఎక్కడ నొప్పో చెప్పేస్తాడని పేరు. ఆయన కింద ఒక ఫిట్టరు ఉండేవాడు, ఆయన పేరు తొందరన్న. బోల్టు ఊడదీయకముందే ఇంకో బోల్టు వెతుక్కునే మనిషి.

మొదటిరోజే బాబాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. నేను చుడీదారు వేసుకుని, చున్నీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

"అమ్మాయ్, ఇది రోడ్డు. ఎదురుగా టీ కొట్టు. నలుగురి కళ్ళూ ఇటే ఉంటాయి. మీ నాన్న నన్ను నమ్మి పంపిస్తన్నాడు. చున్నీ లేకుండా నా షెడ్డులో అడుగు పెట్టమాక."

"చున్నీ ఉంటే నేను తిరిగే ఇంజను దగ్గరికి పోను బాబాయ్. ఫ్యాను లాగిద్ది. మా సారు చెప్పారు."

"అయితే పోమాక. నట్లు కడుగు."

అలా నేను చున్నీ వేసుకుని, తొట్టెలో కిరసనాయిలు పోసుకుని నట్లు కడగడం మొదలుపెట్టాను. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, నెల దాటిపోయింది. సత్తెనపల్లి చుట్టుపక్కల ఉన్న ట్రాక్టర్లన్నిటి నట్లూ నా చేతుల మీదుగా వెళ్ళాయని చెబితే అది గొప్ప కాదు, నిజం. పదిహేను రోజులకోసారి బాబాయ్ దగ్గరికి వెళ్ళి "ఇంజను ఎప్పుడు ముట్టుకోనిస్తారు?" అని అడిగేదాన్ని. "చున్నీ వేసుకుని వచ్చి ముట్టుకో, ఎవరు వద్దన్నారు?" అనేవాడు. నేను వెళ్ళేదాన్ని కాదు. ఏడాది ఇలా నట్లు కడుగుతూనే పోతే ఆయన ఏమని కాగితం రాస్తాడు? ఈ అమ్మాయి నట్లు చక్కగా కడుగుతుంది అనా? రాత్రిళ్ళు పడుకుని ఇదే ఆలోచించి, ఆయన్నీ తిట్టుకునేదాన్ని, నన్నూ తిట్టుకునేదాన్ని. ఒంటి మీద చున్నీ వేసుకుని నాలుగు ఇంజన్లు విప్పితే పోయేది కదా అని మా తొందరన్న కూడా చెప్పి చూశాడు. కానీ ఐటీఐలో మా సారు ఒక పాత చొక్కా చెయ్యి చూపించారు, మోచేతి దగ్గర చిరిగిపోయి, దాని మీద నల్లటి మరక ఉన్నది. ఆ చొక్కా ఎవరిదో, ఆ మరక ఏమిటో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. అది నా బుర్రలో ఉండిపోయింది.

నాకు మండిపోయే విషయం ఇంకోటి ఉంది. నా చున్నీ గురించి అంత పట్టుదల ఉన్న షెడ్డులో మగవాళ్ళంతా లుంగీలతోనే పనిచేసేవాళ్ళు. వేడికి లుంగీ ఎగగట్టి, అది జారినప్పుడల్లా మళ్ళీ ఎగగట్టి, ఒక చేత్తో స్పానరూ ఒక చేత్తో లుంగీ. ఇక బాబాయ్ తువ్వాలు సంగతి సరేసరి. మా వైపు షెడ్డుకి కొత్తగా వచ్చిన డ్రైవరు ఎవరు మేస్త్రీ అని అడగడు, భుజం మీద తువ్వాలు ఎవరికి ఉందో చూసి నేరుగా వాళ్ళ దగ్గరికే పోతాడు. ఆ తువ్వాలుతోనే ఆయన చెమట తుడుచుకుంటాడు, ఆయిలు గేజి తుడుస్తాడు, కోపమొస్తే దాన్నే విదిలిస్తాడు. ఎండ ఎక్కువైతే మెడకి ఒక చుట్టు చుట్టుకుంటాడు. ఒకరోజు నేను ఒక పాత రేకు ముక్క తీసుకుని, సుద్దతో పెద్ద అక్షరాలతో రాసి గోడకి వేలాడదీశాను: తిరిగే ఇంజను దగ్గర వేలాడే గుడ్డలు నిషేధం. చున్నీ, లుంగీ, తువ్వాలు.

మర్నాడు చూస్తే దాని కింద ఇంకెవరో "తోరణాలు, పెళ్ళి పందిళ్ళు" అని చేర్చారు. టీ కొట్టు దగ్గర అంతా నవ్వుతున్నారు. బాబాయ్ మాత్రం నవ్వలేదు.

"ఇందులో నా తువ్వాలు ఎందుకు రాశావు?"

"అది కూడా వేలాడుద్ది కదా బాబాయ్."

"పాతికేళ్ళ నుంచి నా భుజమ్మీద ఉంది. ఏ ఫ్యానూ నన్నేం పీకలేదు. నా తువ్వాలు జోలికి రామాక."

రేకు తీసేయమని మాత్రం అనలేదు. తీసేయమనకపోవడంతో నాకు ఇంకాస్త ధైర్యం వచ్చింది. (ధైర్యం అనే మాట ఇక్కడ మర్యాదకి వాడుతున్నాను. పొగరు అనాలి.) మాటలతో వినని మనిషికి కళ్ళారా చూపించాలని నిర్ణయించుకున్నాను.

అవకాశం వెతుక్కుంటూ వచ్చింది. ఒక ఆసామి తన ట్రాక్టరు తెచ్చి వదిలాడు. నీళ్ళ పంపు బేరింగు పోయింది. అది మార్చి, బానెట్టూ ముందు జాలీ తీసేసి ఉంచారు. ఫ్యాను బయటికి కనిపిస్తోంది. మర్నాడు పొద్దున్నే మిరపకాయల బస్తాలు, అదే మా వైపు టిక్కీలు, వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోవాలని ఆసామి హడావిడి. మధ్యాహ్నం బాబాయ్ టీకి వెళ్ళగానే నేను నా సరంజామా తీశాను. ఒక గోనె సంచిలో ఇంజను తుడిచే పాత గుడ్డలు కుక్కి, ఒక బొంగు కర్రకి కట్టి, మనిషి బొమ్మలా చేసి, దాని మెడలో నా చున్నీ వేశాను. తొందరన్న దాన్ని చూసి కొత్త అప్రెంటిసు వచ్చిందని పరాచికాలాడాడు. నేను చాలా జాగ్రత్తపరురాలిని కదా, అందుకని ఆయన్ని డ్రైవరు సీటు పక్కన నిలబెట్టి, ఇంజను ఆపే నాబు మీద చెయ్యి వేసి ఉంచమన్నాను.

"అన్నా, నేను ఆపు అనగానే లాగు. కళ్ళు అటు తిప్పొద్దు."

"నువ్వు చూపించు అమ్మాయ్, నేను చూసుకుంటా."

ఇంజను స్టార్టు చేశాను. టీ కొట్టులో ఉన్నవాళ్ళూ, పక్క షెడ్డువాళ్ళూ పోగయ్యారు. నేను ఫ్యానుకి అడుగు దూరంలో ఆ బొమ్మని నిలబెట్టి, గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక ఆడపిల్ల ఇలా వంగి పనిచేస్తోంది అనుకోండి, గాలికి చున్నీ కొస ఇలా వెళ్ళింది అనుకోండి... అనుకోవడం అక్కడితో ఆగిపోయింది. చున్నీ కొస ఫ్యానుకి అందింది. కన్ను మూసి తెరిచే లోపల బొమ్మ నా చేతిలో లేదు. బొంగు కర్ర పటుక్కున విరిగింది, ఫ్యాను రెక్క వంగి రేడియేటరుని చీల్చింది, వేడినీళ్ళు చిమ్మాయి, పాత గుడ్డలు షెడ్డంతా ఎగిరాయి. నేను "ఆపు, ఆపు" అని అరుస్తున్నాను. ఆపాల్సిన తొందరన్న సరిగ్గా కనపడటం లేదని అప్పటికే ముందుకొచ్చి, నా పక్కనే నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

బాబాయ్ రోడ్డు అవతల నుంచి పరుగెత్తుకొచ్చాడు. పాతకాలం మేస్త్రీలు నాబు దాకా వెళ్ళరు, ఇంజను పక్కన డీజిల్ పంపు మీద ఉండే లివరునే చేత్తో లాగేస్తారు. ఆయనా అలాగే వంగాడు. ఎండకి తువ్వాలు మెడకి చుట్టుకుని ఉన్నాడు. దాని కొస ఫ్యాను తిప్పే బెల్టుకి తగిలింది. ఆయన తల ఒక్కసారిగా కిందికి పోయింది. నేను ఎలా ఎక్కానో తెలియదు, సీటు మీదికి ఎక్కి నాబు లాగాను. అదే క్షణంలో ఆయన చేతికి లివరు అందింది. ఇంజను ఆగింది. (ఆపింది నేనా ఆయనా అన్నది ఆయన పోయేదాకా తేలలేదు. ఆపింది నేనేనని ఇప్పటికీ నా వాదన.)

తువ్వాలు కోసి ఆయన్ని విడిపించారు. మెడ చుట్టూ ఎర్రగా వాత తేలింది. బెల్టు పుల్లీకి ఆయన ముక్కుకి మధ్య నా బొటనవేలు పట్టేంత దూరం ఉంది. ఆయన ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. జాగ్రత్త గురించి పాఠం చెప్పబోయి, ఆ షెడ్డు చరిత్రలో ఎవరూ చేయనంత ప్రమాదకరమైన పని నేనే చేశాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది, ఒప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

"ఇక నువ్వు రామాక అమ్మాయ్," అన్నాడు ఆయన. అరవలేదు. అరిస్తే బావుండేది.

నా కళ్ళ ముందు కాగితం, డిపో, అమ్మ ముఖం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. కాళ్ళ మీద పడి క్షమించమని అడగాల్సిన సమయం అది. నా నోరు మాత్రం నా మాట వినలేదు.

"పోతాను బాబాయ్. కానీ రేపు ఇంకో తువ్వాలు మెడకి చుట్టుకోమాకండి. ఆపడానికి నేను ఉండను."

ఈలోగా ఆసామి వచ్చాడు. తన ట్రాక్టరుకి ముక్కు పగిలి ఉండటం చూసి నోటికొచ్చినట్టు తిట్టబోయి, ఏం జరిగిందో విన్నాడు. విన్నాక తన పంచె వైపు ఒకసారి చూసుకుని, రెండు కుచ్చెళ్ళూ చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంజనుకి నాలుగడుగుల దూరం జరిగి, అక్కడి నుంచి తిట్టాడు. బాబాయ్ మాత్రం ఒక్క మాట కూడా నా మీదికి నెట్టలేదు. "నా షెడ్డులో జరిగింది, పొద్దుగూకేలోపు నేను చేసిస్తా," అన్నాడు. వెంటనే రేడియేటరు విప్పి, చీలిన చోట సీసం కరిగించి మాటు వేయడానికి కూర్చున్నాడు. నేనూ సంచి తీసుకుని వెళ్ళిపోకుండా, పిలవకపోయినా పక్కన కూర్చుని బొగ్గు కుంపటి ఊదాను. ఆయన చూశాడు, పొమ్మనలేదు.

షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. గొడవ విని పిన్ని, అంటే బాబాయ్ భార్య, వచ్చింది. ఆయన మెడ మీద వాత చూసి ఏడుస్తూనే ఆయన్ని కడిగిపారేసింది. "ఆ పిల్ల గోడ మీద రాసి మరీ చెప్పింది కదయ్యా. చదువొచ్చిన మేస్త్రీవి, చదవలేదా?" నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. నడుం మీద చేతులు పెట్టుకుని, విన్నారా అన్నట్టు చుట్టూ చూశాను. అప్పుడు పిన్ని నా వైపు తిరిగింది.

"నువ్వు నవ్వుతావేందే? ఒకసారి వెనక్కి తిరుగు."

తిరిగాను.

"మరి ఇదేంది? ఇది వేలాడట్లేదా?"

నా జడ. మోకాళ్ళ దాకా ఉండేది. అమ్మ వారానికి రెండుసార్లు నూనె పెట్టి, దువ్వి, అల్లి, చర్చిలో నలుగురూ చూస్తుంటే మురిసిపోయే జడ. ఇందాక ఫ్యాను పక్కన బొమ్మని పట్టుకుని నేను ఉపన్యాసం ఇస్తున్నంతసేపూ అది నా వీపు మీద ఊగుతూనే ఉంది. ఊళ్ళో ఉన్న గుడ్డలన్నిటి మీదా నిషేధం రాసినదాన్ని, నా నెత్తి మీద నుంచి వేలాడేది నాకు కనపడలేదు. బాబాయ్ నవ్వాడు. మాటు వేసే కమ్మీ పక్కన పెట్టి, మెడ పట్టుకుని, నొప్పికి అబ్బా అంటూ మరీ నవ్వాడు.

"జడ సంగతి వేరు," అన్నాను నేను.

"ఫ్యానుకి తెలిసిద్దా వేరని?" అన్నాడు.

బేరం కుదిరింది. నేను జడ ముడి వేసి గుడ్డ కట్టుకుని వస్తే చున్నీ అక్కర్లేదు, ఇంజను ముట్టుకోవచ్చు. ఆయన తువ్వాలు మానేస్తాడు, షెడ్డులో లుంగీలు ఉండవు. న్యాయంగానే ఉంది. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేను ఏడ్చాను. ముడి పెట్టుకుంటే ముసలమ్మలా ఉంటానని. చున్నీ విషయంలో అంత వీరత్వం చూపించినదాన్ని, జడ దగ్గరికొచ్చేసరికి పని మానేద్దామా అని కూడా అనుకున్నాను. అమ్మ జడ విప్పి, గట్టిగా ముడి చుట్టి, పది పిన్నులు గుచ్చింది. నాన్న తన ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు తీసిచ్చాడు.

మర్నాడు ఆ వేషంలో షెడ్డుకి వెళ్ళేసరికి అక్కడ నన్ను మించిన వేషాలు ఉన్నాయి. తొందరన్న మోకాళ్ళ పైకి ఉన్న నిక్కరులో సిగ్గుపడుతూ నిలబడ్డాడు. బాబాయ్ తన పెళ్ళినాటి ప్యాంటు వేసుకొచ్చాడు. అది పొట్ట దగ్గర కలవక పురికొసతో కట్టాడు. నేను ఆ పురికొస చివర వైపు చూశాను. ఆయన నా చూపు చూసి, బ్లేడు తీసి, వేలాడే కొస కోసేశాడు. ఆ వారమంతా ఎదురు టీ కొట్టులో మా షెడ్డుకి నిక్కర్ల షెడ్డని పేరు. తువ్వాలు లేకపోయేసరికి లారీ డ్రైవర్లు బాబాయ్ దగ్గరికే వచ్చి మేస్త్రీ లేడా అని అడిగేవాళ్ళు. ఆయన పళ్ళు నూరుకుంటూ నా వైపు చూసేవాడు. అయినా మళ్ళీ తువ్వాలు వేసుకోలేదు.

నా పేరు కూడా ఊళ్ళోకి పాకింది. ఖాకీ ప్యాంటు, చున్నీ లేదు, నడిరోడ్డు మీద మగవాళ్ళ మధ్య లారీ కింద పడుకుంటోంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా వాడలో పెద్దావిడ ఒకామె అమ్మని అందరి ముందూ నిలదీసింది. "చున్నీ కూడా లేకుండా పంపిస్తన్నావంట, పిల్లని ఏం చేద్దామనీ?" అమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది. "చున్నీ ఇంట్లో దండెం మీద క్షేమంగా ఉందొదినా. సాయంత్రానికి పిల్ల కూడా క్షేమంగా ఇంటికొస్తంది. నాకు పిల్ల కావాలి," అంది. ఆ మాట తర్వాత నేను ఎవరికీ జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏడాది నిండింది. నాలుగు ఇంజన్లు నా చేతుల మీద విప్పి, బిగించాను. కాగితం అడిగితే బాబాయ్ రెండ్రోజులు తీసుకుని, తెల్లకాగితం మీద తన చేతిరాతతో రాసి, నూనె వేలిముద్రతో సహా ఇచ్చాడు. అందులో ఉన్నది ఇంతే: ఈ అమ్మాయి నా షెడ్డులో ఏడాది పనిచేసినది. పని వచ్చును. నోరు ఎక్కువ. వచ్చిననాడు పది వేళ్ళు ఉన్నవి. ఈనాడు పది వేళ్ళు ఉన్నవి.

డిపో ఆఫీసులో గుమాస్తా గారు దాన్ని చదివి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. "ఇదేం సర్టిఫికెట్టమ్మా? ఇలా చెల్లదు. పద్ధతిగా రాయించుకుని రా," అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి పద్ధతి ఉంది. బాబాయ్‌ని అడిగితే అలాగే రాసిచ్చేవాడు, పది నిమిషాల పని. కానీ ఆ క్షణంలో నాకు ఒళ్ళు మండింది. నా రెండు చేతులూ ఆయన బల్ల మీద, ఫైళ్ళ మధ్య, వేళ్ళు విప్పి పరిచాను. "ఇంతకంటే పద్ధతిగా ఎలా రాస్తారండీ? లెక్కపెట్టుకోండి," అన్నాను. గోళ్ళ కింద గ్రీజు నల్లగా ఉంది. ఆయన లెక్కపెట్టలేదు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

ఆ కాగితం నేను మార్చి రాయించుకోలేదు, ఆ ఉద్యోగం రాలేదు. పెళ్ళయి చీరాల వచ్చాక ఆటోలు బాగుచేసే చిన్న షెడ్డు పెట్టుకున్నాను, బతుకు బాగానే గడిచింది. ఇప్పుడు బ్యాంకులో ఎవరైనా ఇంకో ఫారం నింపుకు రమ్మంటే, సరేనండీ అని నవ్వుతూ తెచ్చిస్తాను. ఎవరితోనూ గొడవ పెట్టుకోను. అప్పటి ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, తల్లీ, ఆ కాగితం మార్చి రాయించుకో, ఉద్యోగం వస్తుంది అని నచ్చజెబుతాను. అది నా మాట వినదు.